మోటారు కారులో క్రొత్త బ్యాటరీ వేయు విధము



నేడు పల్లెలలో ఎడ్లబండి నిలుచు చావడి ముందర మోటారు కారు నిలిచియుండుట వింత గాదు. పట్టణమునుండి వచ్చిన కుమారుడు కారును ఇంటివద్ద నుంచి, నెలదినములు దాని మొగము చూడకుండినచో, పిమ్మట తాళపుచెవి త్రిప్పినపుడు టిక్కుటిక్కుమను చప్పుడు మాత్రమే వినవచ్చును, యంత్రము కదలదు. అంతట ఇంటిలోని పడుచువాండ్రు "బ్యాటరీ పోయినది, క్రొత్తది తెచ్చి మనమే వేసికొందము" అని బయలుదేరుదురు. పని పెద్దది కాదు. అరగంటలో ముగియును. కాని క్రమము తెలియక చేసినచో చేయి కాలుటయు, కన్ను పోవుటయు కలదు. అట్టి సమయమున ప్రక్కన కూర్చున్న పెద్దలు "ఏ తీగ ముందు విప్పితివిరా?" అని అడుగగలిగిన చాలును. ఆ ప్రశ్న యెందులకో తెలుపుటయే నా ప్రయత్నము.

ఈ బ్యాటరీ పాతకాలపు వస్తువే. సీసపు పలకలను గంధకామ్లమున ముంచి విద్యుచ్ఛక్తిని నిలువచేయు ఉపాయమును ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859వ సంవత్సరమున కనిపెట్టెను. మొదట కార్లను ముందర ఇనుప పిడి త్రిప్పి నడిపించెడివారు. పాత అంబాసిడరు కార్లతో అట్టి పిడి వచ్చుట మీలో పలువురు చూచియే యుందురు. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కారునకు, చార్లెస్ కెటరింగ్ అను నాతని పనితనమువలన, విద్యుత్తుతో యంత్రమును త్రిప్పు ఏర్పాటు వచ్చినది. అప్పటినుండి ఆ పిడి త్రిప్పు బలమంతయు ఈ పెట్టె ఈయవలసి వచ్చినది. పెట్టెలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది ఇంచుమించు 2 వోల్టుల నిచ్చును. వెరసి 12 వోల్టుల బ్యాటరీ యందుము.

కొనబోవుటకు ముందు పాతది నిజముగా చెడినదా యని చూడవలెను. కదలక నిలిచిన కారులో బ్యాటరీ ఒట్టిపోవుటయే గాని చెడకపోవచ్చును. కొంతసేపు విశ్రాంతిగా నుంచి వోల్టుమీటరుతో కొలిచినపుడు 12.6 వోల్టులున్న అది నిండుగా నున్నట్లు. 12 వోల్టులకు దిగిన దాదాపు ఖాళీ యైనట్లు. ఖాళీయైన దానికి చార్జి పెట్టించి చూడవలెను. చార్జి పెట్టినను ఒకటి రెండు దినములలో మరల పడిపోయినచో అప్పుడు మార్చవచ్చును. మూడు నాలుగేండ్లు దాటినదైనచో సందేహము తక్కువ. మన గుంటూరు, రెంటచింతల ఎండలు బ్యాటరీలకు చలికంటె ఎక్కువ చేటు చేయును. వేడికి లోపలి పలకలు త్వరగా తినివేయబడును.

క్రొత్తది యెన్నుకొనుటలో అంగడివాని మాటకంటె కారుతో వచ్చిన పుస్తకము నమ్మదగినది. అందు ఎన్ని ఆంపియర్-గంటలది వలయునో వ్రాసియుండును. అంతకు తక్కువది కొనరాదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు పాతదానితో సరిపోవలెను. పొడుగైన పెట్టె వేసి బానెట్టు మూసినచో, పైరేకు బ్యాటరీ బొడిపెలను తాకి అక్కడనే మంట పుట్టవచ్చును. ఇంకొక చిక్కు కలదు. ఒకే కొలతలుగల పెట్టెలలోనే ధనధ్రువము కొన్నిటికి కుడివైపునను, కొన్నిటికి ఎడమవైపునను ఉండును. చిన్న కార్ల బ్యాటరీలపై 38బి20ఎల్ అని వ్రాసియుండుట చూడవచ్చును. ఇందు 20 అనునది సుమారుగా సెంటీమీటర్లలో పొడవు; చివరి ఎల్ గాని ఆర్ గాని బొడిపెల ఎడమకుడులను దెలుపును. ఈ అక్షరము మారినచో తీగలు చాలక లాగవలసివచ్చును, లేదా తొందరలో తారుమారుగా తగిలించుట జరుగును. తారుమారైన క్షణముననే ఆల్టర్నేటరును, కారులోని విద్యుత్పరికరములును దగ్ధమగును; ఆ మరమ్మతునకు బ్యాటరీ వెలకు పలురెట్లు పోయవలెను. బండి ఆగినప్పుడెల్ల తానే యంత్రమును ఆపి మరల నడుపు క్రొత్తరకపు కార్లకు ప్రత్యేకమైన బ్యాటరీలు కలవు. వానిలో సామాన్యమైనది వేయరాదు. బ్యాటరీలతోనే నడచు కార్లలోను, హైబ్రిడ్ కార్లలోను కనబడు నారింజరంగు తీగల జోలికి ఇంటివారెవరును పోరాదు. అందలి శక్తి ప్రాణాపాయకరము.

ఇక తీగల మాట. 12 వోల్టులు చేతితో తాకిన షాకు కొట్టదు. అందుచేతనే జనులు దీనిని తేలికగా చూతురు. కాని రెండు బొడిపెలకు నడుమ లోహము అడ్డుపడినచో వందలకొలది ఆంపియర్ల ప్రవాహము ఒక్కుమ్మడి పారి, ఇనుప స్పానరును ఎఱ్ఱగా కాల్చగలదు. వ్రేలి ఉంగరము అట్లు చిక్కినచో వ్రేలే పోవును. కావున ఉంగరము, కడియము, గడియారము తీసి పని మొదలుపెట్టవలెను. కంటికి అద్దములు, చేతికి తొడుగులు ఉండవలెను.

యంత్రము ఆపి, తాళపుచెవి తీసి, కొన్ని నిమిషములు ఆగిన తరువాత మొదట విప్పవలసినది ఋణధ్రువపు తీగ, అనగా తీసివేత గుర్తు గల నలుపు తీగ. ఎందువలన? నేటి కార్లలో ఆ తీగ కారు యొక్క ఇనుప శరీరమునకే కట్టబడి యుండును. కారంతయు ఆ ధ్రువమే యని తలపవలెను. ధనధ్రువమును మొదట విప్పబోయిన స్పానరు ప్రక్కనున్న రేకును తాకిన చాలును, చుట్టు పూర్తియై నిప్పు రాలును. ఋణధ్రువమును ముందుగా విడదీసినచో ఆ చుట్టు తెగినది. పిమ్మట స్పానరు రేకును తాకినను ఏమియు కాదు. క్రొత్తది పెట్టునపుడు దీనికి తలక్రిందులు: ధనధ్రువము ముందు, ఋణధ్రువము చివర. 1950వ దశకపు ఇంగ్లీషు కార్లు కొన్ని ధనధ్రువమునే శరీరమునకు కట్టెడివి. అట్టి ముదుసలి కారున్నచో వర్ణమును చూడక, శరీరమునకు కట్టిన తీగనే ముందు విప్పవలెను.

నిప్పు రాలిన ఏమగునందురా? చార్జి యగునపుడు బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును. గాలిలో అది నూటికి 4 పాళ్లున్నను నిప్పురవ్వ సోకగనే మండును. పెట్టె పగిలి ఆమ్లము మొగముపై చిమ్మును. అందుకే చుట్ట, బీడీ కాల్చుచు ఈ పని చూడవచ్చిన చుట్టములను మొగమాటము లేక దూరముగా పంపవలెను. మూసిన కొట్టములో గాక ఆరుబయట చేయవలెను. ఆమ్లము కంటబడినచో పసరులు, పాలు పోయక, మంచినీటి ధారతో పావుగంటకు తక్కువ గాకుండ కడుగుచు, వెంటనే వైద్యుని కడకు గొనిపోవలెను.

పెట్టె పది మొదలు ఇరువది కిలోల బరువుండును. నిలువుగా పట్టుకొని తీయవలెను, ఒరగనీయరాదు. క్లాంపులపై పట్టిన తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి ఆరనిచ్చి బిగింపవలెను. సుత్తితో కొట్టి దించువారిని నేను చూచితిని. సీసపు బొడిపె మెత్తనిది, అది కదలినచో లోపలి పలకలకు చేటు. పెట్టెను క్రింద పట్టియుంచు ఇనుప పట్టీని మరువరాదు. మన బాటల కుదుపునకు వదులైన బ్యాటరీ ఒక వానకాలమున కూడ నిలువదు. బ్యాటరీ సీటుక్రింద గాని వెనుక పెట్టెలో గాని యుండి, దానికి వాయువును బయటకు కొనిపోవు గొట్టమున్నచో దానిని తిరిగి తగిలింపవలెను. అన్నియు ముగిసి యంత్రము నడచుచుండగా వోల్టుమీటరు 14 వోల్టుల దరిదాపున చూపినచో ఆల్టర్నేటరు సరిగా పనిచేయుచున్నట్లే. అట్లు చూపనిచో దోషము బ్యాటరీయందు కాదు. క్రొత్తదియు పది దినములలో పాతదాని దారినే పట్టును.

పాత పెట్టె సంగతి చెప్పకపోయిన ఈ మాట సగమే యగును. దానిని పెరటిలో పగులగొట్టి సీసము తీసి అమ్ముట కొన్నియూళ్ల ఆచారము. ఆ ఆమ్లము బావినీటిలో కలియును. ఆ సీసపుధూళి ఆడుకొను పసివాండ్ర నోటికి చేరును. సీసము పిల్లల బుద్ధిని మందగింపజేయును, అట్లు పోయిన బుద్ధి తిరిగి రాదు. 2022లో మన ప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాతదానిని చెత్తతో కలపరాదు. సేకరణకేంద్రమునకో నమోదైన పునర్వినియోగదారునకో అప్పగింపవలెను. క్రొత్తది కొన్న అంగడిలోనే పాతదాని నిచ్చినచో సాధారణముగా వెలలో కొంత తగ్గింతురు. కావున కారు వెనుకభాగమున గోనెసంచి పరచి, పాత పెట్టెను నిలువుగా నిలిపి, అది ఒరగకుండ ఇరువైపుల ఇటుక చెక్కలు పెట్టి, ఆ దినముననే అంగడికి చేర్పింపుడు.