మచ్చల పిల్లి కూనల పెంపకం

ఒంటి నిండా చిరుతపులి మచ్చలుండే పెంపుడు పిల్లుల్లో బాగా పేరున్నది బెంగాల్ జాతి. ఆసియా అడవుల్లో తిరిగే లెపర్డ్ క్యాట్ అనే అడవి పిల్లిని ఇంటి పిల్లితో దాటించి కాలిఫోర్నియాకు చెందిన జీన్ మిల్ దీన్ని రూపొందించారు. 1963లో మొదలైన ప్రయత్నం మధ్యలో ఆగిపోయి 1980లలో మళ్లీ ఊపందుకుంది. ఇందులో మన దేశానికీ వాటా ఉంది. 1980ల ఆరంభంలో ఢిల్లీ జంతుప్రదర్శనశాలలో, ఖడ్గమృగాల ఆవరణలో తిరుగుతున్న ఒక మచ్చల వీధిపిల్లిని ఆమె తెప్పించుకుని తన సంతతిలో కలిపారు. ఇప్పటి బెంగాల్ పిల్లుల బొచ్చులో కనిపించే బంగారు మెరుపు దాని నుంచే వచ్చిందని చెబుతారు. అంటే, ఇక్కడి వీధుల్లో తిరిగే పిల్లి రక్తానికే వేల రూపాయలు పోస్తున్నామన్నమాట.

మచ్చలుండే మేలుజాతులు ఇంకా ఉన్నాయి. ఈజిప్షియన్ మావ్‌కు మచ్చలు సహజంగా వచ్చినవే. 1964లో అమెరికాలోని మిషిగన్‌లో సయామీస్, అబిసీనియన్ పిల్లుల సంకరంలో అనుకోకుండా పుట్టినది ఆసీక్యాట్. దానిలో అడవి రక్తం చుక్క కూడా లేదు.

బెంగాల్ విషయంలో తప్పక అడగాల్సింది తరం. అడవి పూర్వీకుడి నుంచి మొదటి మూడు తరాల పిల్లులు బెదురుగా, పెంకిగా ఉంటాయి. తొలి తరం మగవాటికి సంతానం కలగదు. నాలుగో తరం నుంచే వీటిని ఇంటి పిల్లులుగా లెక్కిస్తారు. మామూలు ఇంటికి తగినవి అవే.

మచ్చల పిల్లుల్లో ఏది ఇంటిదో, ఏది అడవిదో తెలియడం సూళ్లూరుపేట చుట్టుపక్కల మరీ అవసరం. పులికాట్ సరస్సు తీరపు పొదల్లోనో, కోతకొచ్చిన పొలంలోనో కళ్లు తెరవని పిల్లి కూనలు కనబడితే అవి ఊరపిల్లివే కానక్కర్లేదు. లెపర్డ్ క్యాట్, బావురు పిల్లి, తుప్పురంగు మచ్చల చిన్న అడవి పిల్లి, ఈ మూడూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటి కూనలను ఇంటికి తేవడం నేరం. పైగా తల్లి చాలాసార్లు ఆహారం కోసమే వెళ్లి ఉంటుంది. ముట్టుకోకుండా దూరం జరిగి, అటవీశాఖకు కబురు చేస్తే చాలు.

పిల్లి చూడి కాలం సుమారు తొమ్మిది వారాలు. పుట్టిన కూన దాదాపు 100 గ్రాములుంటుంది, రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. వంటింటి డిజిటల్ తూకంలో రోజూ ఒకే వేళకు తూచి రాసిపెట్టుకుంటే, కూన నీరసపడిన సంగతి కంటికి కనబడకముందే అంకెల్లో తెలిసిపోతుంది. ఒక రోజంతా బరువు పెరగకపోతే పశువైద్యుణ్ణి కలవాలి. మొదటి వారం కూనలు ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. మంచం కింద, అలికిడి లేని మూలన పాత చీర పరిచిన అట్టపెట్టె సరిపోతుంది; అక్కడ 30 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. డిసెంబరు రాత్రుల్లో వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెడతారు. మే నెలలో సమస్య తిరగబడుతుంది. రేకుల గదిలో, మేడమీద గదిలో కూనలు వడదెబ్బకు గురవుతాయి. గాలి ఆడే కింది గదికి మార్చి, తల్లికి రెండు మూడు చోట్ల నీళ్లు పెట్టాలి.

వారం, పది రోజుల్లో కళ్లు తెరుచుకుంటాయి. రెండో వారం నుంచి ఏడో వారం దాకా గడిచే రోజులు కూన స్వభావాన్ని తీర్చిదిద్దేవి. ఆ రోజుల్లో మనిషి చేతులు, మిక్సీ మోత, పిల్లల అల్లరి, కుక్కర్ ఈల అలవాటైతే పెద్దయ్యాక బెదరదు. అందుకే గదిలో మూసిపెట్టి పెంచిన ఖరీదైన కూన కన్నా నట్టింట్లో పెరిగినదే మేలు.

మచ్చలు చూసి ఎంచుకునేవాళ్లను తికమక పెట్టే దశ ఒకటుంది. నాలుగో వారం దాటాక బెంగాల్ కూనకు పొడుగాటి నూగుబొచ్చు వచ్చి మచ్చలు మసకబారతాయి. మూడు నాలుగు నెలలకు ఆ బొచ్చు రాలి అసలు రంగు బయటపడుతుంది. మధ్యలో చూసి నకిలీ సరుకని వదులుకోనక్కర్లేదు.

నాలుగో వారం నుంచి మెత్తటి ఆహారం మొదలుపెట్టి, ఎనిమిదో వారానికి తల్లిపాలు మాన్పిస్తారు. పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. పాలన్నం, పెరుగన్నం పెట్టి పెంచడం మన ఇళ్లలో అలవాటు. ఆవుపాలు చాలా కూనలకు పడక విరేచనాలవుతాయి. అన్నం కడుపు నింపుతుంది గానీ, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం అందులో లేదు. అది మాంసంలో, చేపలో దొరుకుతుంది. టారిన్ కరువైతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఖరీదైన కూన కదా అని ఎముక తీసిన చికెన్ ఒక్కటే పెట్టడమూ ప్రమాదమే. మాంసంలో కాల్షియం చాలా తక్కువ కాబట్టి ఎదిగే ఎముకలు పెళుసుబారి, చిన్నగా దూకినా విరుగుతాయి. కూనలకని తయారుచేసిన పూర్తి ఆహారం ప్రధానంగా ఉండి, ఉడికించిన చికెన్, గుడ్డు, ముళ్లు తీసిన చేప అప్పుడప్పుడు పక్కన ఉంటే సరిపోతుంది. పులికాట్ చేప దొరికే ఊళ్లో పచ్చి చేప విసరడం తేలికే, కానీ కొన్ని రకాల పచ్చి చేపలు ఒంట్లోని బి1 విటమిన్‌ను పాడుచేస్తాయి. ఎండుచేపలో ఉప్పెక్కువ. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు అసలే వద్దు.

మనకు మందైనవి పిల్లికి విషం కావచ్చు. జ్వరమొచ్చిందని పారాసెటమాల్ వేస్తే ప్రాణం పోవచ్చు, చిన్న ముక్కైనా సరే. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ ఉన్న పిడుదుల మందు, నేల తుడిచే ఫినాయిల్ కూడా ప్రమాదకరమే. కూన తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతాయి. పాన్‌ల్యూకోపీనియాతో పాటు జలుబు తెచ్చే రెండు వైరస్‌లకు కలిపి ఇచ్చే ఈ సూదిని మూడు నాలుగు వారాలకోసారి, పదహారో వారం దాకా వేయిస్తారు. పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు కాబట్టి, ఆ జబ్బుతో కూన చనిపోయిన ఇంటికి టీకా పడని మరో కూనను తేకూడదు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. నులిపురుగుల మందు రెండు మూడు వారాల వయసు నుంచే వేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు తామర, గోమార్లు పెరుగుతాయి. పరుపు గుడ్డలు ఎండలో ఆరేయడం మరవకూడదు. పెద్ద వైద్యం అవసరమైతే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. సూళ్లూరుపేట నుంచి లోకల్ రైలెక్కితే మద్రాసు పశువైద్య కళాశాల ఉన్న చెన్నై.

బెంగాల్ కూన ఊరికే పడుకునే రకం కాదు. బీరువా మీదికెక్కుతుంది, కొళాయి కింద ఆడుతుంది, తలుపు గడియ తీయడమూ నేర్చుకుంటుంది. ఎక్కడానికి చెక్క బల్లలు, గోళ్లు గీరుకోవడానికి కొబ్బరి తాడు చుట్టిన కర్ర, బాల్కనీకి వల ఉండాలి. ఇసుక తొట్టెలు పిల్లికొకటి, అదనంగా ఇంకొకటి. రోజంతా ఇంట్లో ఎవరూ ఉండనివాళ్లు ఈ జాతి జోలికి పోకపోవడమే మంచిది. లేదా రెండు కూనలను కలిపి పెంచాలి.

2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. పన్నెండు వారాలు తల్లి దగ్గర, తోడబుట్టినవాటి దగ్గర ఉంటే కరవకుండా ఆడుకోవడం నేర్చుకుంటుంది. కొనేటప్పుడు తల్లిని చూపించమని అడగాలి. తల్లిదండ్రులకు పైరువేట్ కైనేజ్ లోపం, చూపు తగ్గించే రెటీనా జబ్బు లేవని చెప్పే జన్యు పరీక్షలు, గుండె స్కానింగ్ కాగితాలు ఉన్నాయో లేదో చూడాలి. మొదటిది రక్తహీనత తెస్తుంది. రెండోది ఉన్న కూన తొలి ఏడాది లోపే చూపు కోల్పోవడం మొదలవుతుంది. ఈనించే ఉద్దేశం లేనివాళ్లు ఐదారు నెలలకే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించవచ్చు. ఆడ పిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు కాబట్టి, ఆపరేషన్ అయ్యేదాకా మగ పిల్లితో కలిపి వదలకూడదు.