రెండో సర్వర్ ఎప్పుడు లేవాలి?

2018 అక్టోబరు 21న అమెరికా తూర్పు తీరంలో ప్రోగ్రామర్ల కోడ్ భద్రపరిచే గిట్‌హబ్ సంస్థవాళ్లు పాడవబోతున్న ఒక నెట్‌వర్క్ పరికరాన్ని మారుస్తుండగా, డేటా సెంటర్‌కు వెళ్లే లైను తెగింది. 43 సెకన్లలో మళ్లీ అతుక్కుంది. సేవలు పూర్తిగా కుదుటపడడానికి మాత్రం 24 గంటల 11 నిమిషాలు పట్టింది. లైను తెగిన ఆ కాస్త వ్యవధిలోనే తూర్పు డేటాబేస్ పోయిందనుకుని కాపలా సాఫ్ట్‌వేర్ పశ్చిమ తీరంలోని నకలుకు పెత్తనం అప్పగించేసింది. తూర్పుది పోలేదు. చివరి క్షణాల్లో దానిలో పడిన రాతలు కొన్ని పశ్చిమానికి చేరలేదు, ఈలోగా పశ్చిమాన కొత్త రాతలు మొదలయ్యాయి. రెండూ సగం సగం నిజాలే. వాటిని సరిచేసి సేవలను నిలబెట్టడానికే ఒక రోజు పోయింది.

ఒక సర్వర్ పడిపోతే ఇంకొకటి అందుకునేలా పెట్టే ఏర్పాటును హై అవైలబిలిటీ క్లస్టర్ అంటారు. రెండోదాన్ని లేపడం పెద్ద విద్య కాదు. మొదటిది నిజంగా ఆగిపోయిందని తేల్చుకోవడం దగ్గరే అసలు చిక్కు.

కొనుగోళ్లు, స్టాకు, జీతాలు, ఖాతాలు అన్నీ ఒకే చోట నడిపే వ్యాపార సాఫ్ట్‌వేర్‌నే తీసుకుందాం. అందులో పెద్ద పేరు ఎస్‌ఏపీ. 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు జర్మనీలో పెట్టిన కంపెనీ అది. అమీర్‌పేట కోచింగ్ బోర్డుల పుణ్యమా అని మనకు ఆ పేరు కొత్త కాదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఏడాదిలో 99.9 శాతం సమయం నడుస్తుందంటే వినడానికి బాగానే ఉంటుంది. లెక్కేస్తే ఎనిమిదిన్నర గంటలకు పైగా ఆగిపోవచ్చని అర్థం. 99.99 అయితే 52 నిమిషాలు. నెలాఖరు లెక్కలు మూసే రోజున ఆ 52 నిమిషాలూ ఒకేసారి వస్తే ఏమవుతుందో అకౌంట్స్ విభాగాన్ని అడగండి.

ఎస్‌ఏపీలో మనం తెర మీద చూసే పనులు చేసే అప్లికేషన్ సర్వర్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఒకటి పోతే మళ్లీ లాగిన్ అయి ఇంకొక దానిలో పని చేసుకుంటారు, అంతే. ఒక్కటే ఉండి తీరాల్సినవాటిలో ముఖ్యమైనవి రెండు: డేటాబేస్ ఒకటి, తాళాల పట్టీ రెండోది. గుంటూరులో ఒక ఉద్యోగి ఆర్డర్ తెరిచి మారుస్తుంటే, అదే ఆర్డర్‌ను విశాఖలో మరొకరు మార్చకుండా దానికి తాళం పడుతుంది. ఎవరు దేనికి తాళం వేశారన్న ఈ పట్టీ మెమరీలోనే బతుకుతుంది. సర్వర్ ఆగితే పట్టీ మాయం. అందుకే దాని నకలు ఎప్పటికప్పుడు రెండో సర్వర్‌లో తయారవుతుంటుంది. అసలు, నకలు ఒకే యంత్రం మీద ఉండకూడదని క్లస్టర్‌కు ముందే చెప్పిపెడతారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా యంత్రం సొంత పేరు ఇవ్వరు. ఏ యంత్రానికీ చెందని ఒక పేరు, ఒక ఐపీ చిరునామా ఇస్తారు. సేవ ఎటు మారితే ఆ చిరునామా అటు మారుతుంది, వాడేవాళ్లు ఏమీ మార్చుకోనక్కర్లేదు. మొదట్లో ఈ పేరు విషయంలో అశ్రద్ధ చేస్తే తర్వాత దిద్దుకోవడం నరకం.

ఇక చావు సంగతి. లినక్స్ మీద సాధారణంగా కోరోసింక్ అనే సాఫ్ట్‌వేర్ రెండు సర్వర్ల మధ్య పలకరింపులు నడుపుతుంది. పలుకు ఆగిపోతే ఏం చేయాలో పేస్‌మేకర్ నిర్ణయిస్తుంది. కానీ ఫోన్ ఎత్తనంత మాత్రాన మనిషి పోయినట్టు కాదు కదా! వైరు తెగి ఉండొచ్చు, పని ఒత్తిడిలో బదులివ్వలేకపోయి ఉండొచ్చు. అందుకే క్లస్టర్ ఊహ మీద నడవదు, తానే చంపుతుంది. ఇలాంటి సర్వర్లలో సాధారణంగా కరెంటు తీసి పెట్టగల చిన్న నియంత్రణ యంత్రం విడిగా ఉంటుంది. దానికి ఆజ్ఞ పంపి అవతలి సర్వర్‌ను ఆపేస్తారు. ఈ పద్ధతిని స్టోనిత్ అంటారు. ఆగిందన్న నిర్ధారణ వచ్చేదాకా ఇవతలిది సేవ మొదలుపెట్టదు. కొట్టు కాసేపు మూతపడినా సరే, రెండు గల్లాపెట్టెలు తెరవకూడదన్నది సూత్రం. నా దృష్టిలో అది సరైన కాఠిన్యం. రెండూ బతికే ఉండి ఒకదాన్నొకటి చంపుకోకుండా ఒకదానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెడతారు. రెండింటి మధ్య మెజారిటీ తేలదు కాబట్టి, ఓటు వేయడానికే మూడో చిన్న యంత్రాన్ని పెట్టేవాళ్లూ ఉన్నారు.

డేటాబేస్‌కు ఇంకో పరీక్ష ఉంది. ఎస్‌ఏపీ వారి హానా అనే డేటాబేస్ డేటాను ప్రధానంగా మెమరీలోనే ఉంచుతుంది. మార్పుల చిట్టా రెండో సర్వర్‌కు కూడా చేరాకే లావాదేవీ పూర్తయినట్టు ఒప్పుకునేలా దాన్ని అమర్చవచ్చు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వంద కిలోమీటర్ల దూరానికి రానూపోనూ ఒక మిల్లీ సెకను. ప్రతి లావాదేవీకీ ఈ ఆలస్యం తప్పదు కనుక జంట సర్వర్లను దగ్గర్లోనే ఉంచుతారు, దూర నగరానికి పంపే నకలును కాస్త వెనకబడనిస్తారు. వెనకబడిన నకలుకు పెత్తనం ఇవ్వకుండా చూసుకోవడం కూడా క్లస్టర్ పనే.

ఇవన్నీ కాగితం మీద బాగానే ఉంటాయి. అసలు రోజు రాకముందే ఎవరో ఒకరు వైరు పీకి, ప్రాసెస్ చంపి, డిస్కు నింపి చూడాలి. చాలాచోట్ల ఈ పరీక్ష వాయిదా పడుతూనే ఉంటుంది, ఎందుకంటే సాఫీగా నడుస్తున్న దాన్ని పడగొట్టమని ఏ మేనేజరూ సంతకం పెట్టడు.

ఒక ప్రమాదానికి మాత్రం క్లస్టర్ దగ్గర మందు లేదు. ఎవరైనా పొరపాటున వెయ్యి బిల్లులు తుడిచేస్తే ఆ తుడుపు కూడా అంతే నమ్మకంగా రెండో సర్వర్‌కు చేరిపోతుంది. కాబట్టి క్లస్టర్ ఉంది కదా అని బ్యాకప్ ఖర్చు కోయకండి. ఆ బ్యాకప్‌ను అప్పుడప్పుడు వేరే యంత్రం మీద ఎక్కించి తెరిచి చూపించమని మీ ఐటీ వాళ్లను అడగండి.