దారం అందకపోతే లూపు పడిపోయినట్టేనా?

కీసర: లూపు దారం చేతికి తగలకపోతే "ఎప్పుడో పడిపోయి ఉంటుందిలే" అని సరిపెట్టుకునే ఆడవాళ్లు మున్నేటి ఒడ్డు పల్లెల్లో లేకపోలేదు. "లోపలే ఉంటుందిలే" అని ధైర్యం చెప్పుకునేవారూ ఉంటారు. పరీక్ష లేకుండా ఈ రెంటిలో ఏది నమ్మినా ముప్పే.

కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో లూపు 1965లో ప్రవేశించింది. తర్వాత దాని స్థానంలో కాపర్-టీ వచ్చినా పల్లెల్లో పాత పేరే నిలిచింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో వేసేవి రకాన్నిబట్టి 5 లేక 10 ఏళ్లు పనిచేస్తాయి.

దారం అందకపోవటానికి కారణాలు నాలుగు. దారం ముడుచుకుని పైకి పోయి ఉండవచ్చు. బహిష్టు రోజుల్లో లూపు తెలియకుండానే జారిపోయి ఉండవచ్చు. గర్భం వచ్చి ఉండవచ్చు. అరుదుగా, సుమారు వెయ్యి మందిలో ఒకరికి, అది గర్భసంచి గోడ దాటి పొట్టలోకి పోతుంది. పాలిచ్చే తల్లులకు ఈ ముప్పు కొంచెం ఎక్కువ. నొప్పి లేనంతమాత్రాన అంతా సవ్యంగా ఉన్నట్టు కాదు.

అందుకే డాక్టర్లు ముందుగా గర్భం ఉందేమో మూత్ర పరీక్షతో తేల్చుకుంటారు. లేదని తేలితే లోపల దారం కోసం వెతుకుతారు. దొరక్కపోతే స్కానింగ్ తీయిస్తారు. లూపు గర్భసంచిలో సరిగా ఉంటే భయం లేదు. దాన్ని అలాగే ఉంచుకోవచ్చు.

చిక్కల్లా స్కానింగ్‌లో కనిపించనప్పుడే. పడిపోయిందనుకుని కొత్తది వేయించుకుంటే, పాతది పొట్టలోనే మిగిలిపోవచ్చు. అందువల్ల పొట్ట మొత్తానికి ఎక్స్‌రే తీయించాలి. ఎక్స్‌రేలో కనిపించేందుకే ఆ ప్లాస్టిక్‌లో బేరియం లవణం కలుపుతారు. అందులోనూ లేకపోతేనే పడిపోయినట్టు లెక్క. పొట్టలో ఉన్నట్టు తేలితే ఆలస్యం చేయకుండా తీయించుకోవాలి. చాలామందికి చిన్న గాటుతో, లాపరోస్కోపీ ద్వారానే తీయవచ్చు. పొట్టలోకి పోయిన లూపు గర్భాన్ని ఆపుతుందన్న నమ్మకం లేదు. లూపు ఎక్కడుందో తేలేదాకా నిరోధ్ వంటి మరో పద్ధతి పాటించాలి.

లూపు గుండెలోకి ఎక్కుతుందన్నది వట్టి పుకారు. ఆ పుకారుకు జడిసి మంచి సాధనాన్ని కాదనుకోనక్కర్లేదు.

పత్తి తీతల రోజుల్లో ఆసుపత్రికి పోవాలంటే కూలి పోతుంది. నిజమే. అయినా నెలసరి తప్పినా, పొత్తికడుపులో నొప్పి వచ్చినా, రక్తస్రావం ఎక్కువైనా ఆ రోజే వెళ్లాలి. లూపు వేసిన తేదీ, రకం రాసి ఇచ్చిన కార్డును రేషన్ కార్డులాగే భద్రంగా దాచుకోవాలి. వెతకాల్సి వచ్చిన రోజున డాక్టరు మొదట అడిగేవి ఆ వివరాలే.