బ్లూస్, రెగే కలిసే చౌరస్తా: కోరీ హ్యారిస్

రామ్ మిరియాల అనగానే మనకి 'చిట్టి', 'టిల్లు అన్న' గుర్తొస్తాయి. అంతకుముందు తను పాడిన హైదరాబాద్ బ్యాండ్ 'చౌరస్తా' తెలుగు పాటకి రెగే ఊపు తెచ్చింది. ఆ ఊపు నచ్చినవాళ్ళు ఒక అమెరికన్‌ని కూడా వినాలి. పేరు కోరీ హ్యారిస్. తన పాటలు తనే రాస్తాడు, తనే పాడతాడు, గిటార్ కూడా తనదే. బాబ్ మార్లే టీషర్టులు బాచుపల్లిలో ఏ హాస్టల్‌కి వెళ్ళినా కనిపిస్తాయి. కోరీ పేరు విన్నవాళ్ళు మాత్రం నాకింకా తగల్లేదు.

ముందు రెగే సంగతి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కాలితో తాళం వేయండి. మామూలుగా ఒకటి మీద గట్టిగా కొడతాం కదా, రెగేలో చాలాసార్లు అక్కడ ఖాళీ ఉంటుంది. డ్రమ్ దెబ్బ మూడు మీద పడుతుంది. గిటార్ రెండు, నాలుగు మీద 'చక్'మని తెగుతుంది. వింటుంటే ఒళ్ళు కాస్త వెనక్కి వాలి ఊగేది అందుకే. బ్లూస్ దారి వేరు. ఎక్కువగా పన్నెండు బార్ల చక్రం, మూడే కార్డ్స్. ఒక లైన్ పాడి, అదే మళ్ళీ పాడి, మూడో లైన్‌లో జవాబు చెప్తారు. అమెరికా దక్షిణాదిలో పత్తి చేలల్లో చెమటోడ్చిన నల్లజాతి మనుషుల గోడు అది.

ఈ రెండూ కలవడం వింతేం కాదు. 1950లలో జమైకా కుర్రాళ్ళు రేడియోలో న్యూ ఆర్లీన్స్ పాటలు వినేవాళ్ళు. ఆ రిథమ్ అండ్ బ్లూస్‌ని తమ పద్ధతిలో వాయిస్తే స్కా పుట్టింది. అది నెమ్మదించి రాక్‌స్టెడీ, 1968 ప్రాంతంలో రెగే అయింది. అంటే బ్లూస్ రెగేకి వరసకి తాతయ్య అనుకోండి.

కోరీ 1969లో డెన్వర్‌లో పుట్టాడు. కాలేజీలో చదివింది ఆంత్రోపాలజీ. తర్వాత కామెరూన్ వెళ్ళి అక్కడి పిడ్జిన్ భాష మీద పని చేశాడు. తిరిగొచ్చి లూసియానాలో బడి పంతులుగా చేస్తూ, న్యూ ఆర్లీన్స్ వీధుల్లో గిటార్ వాయించేవాడు. (ఇంటర్నల్స్ మధ్యలో గిటార్ పట్టుకునే మన బ్యాచ్‌కి ఇది బాగా నచ్చుతుంది.) 1995లో మొదటి ఆల్బమ్ 'బిట్వీన్ మిడ్‌నైట్ అండ్ డే' వచ్చింది. ఒక్క గొంతు, ఒక్క గిటార్, అచ్చం పాతకాలపు డెల్టా బ్లూస్. 2003లో మార్టిన్ స్కోర్సేసీ తీసిన 'ఫీల్ లైక్ గోయింగ్ హోమ్' డాక్యుమెంటరీలో బ్లూస్ వేర్లు వెతుక్కుంటూ మిసిసిపీ నుంచి మాలి దాకా మనల్ని తీసుకెళ్ళేది ఇతనే. 2007లో 5 లక్షల డాలర్ల మెకార్థర్ ఫెలోషిప్ కూడా వచ్చింది.

మరి ఎందుకు వినబడలేదు? నా లెక్క ఇది. బ్లూస్ వీరాభిమానులకి 1995 నాటి కోరీయే కావాలి. రెగే వాళ్ళకి ఇతను జమైకా మనిషి కాదు. యాప్‌లకేమో ప్రతి గాయకుడి మీదా ఒక్కటే లేబుల్ కావాలి.

2007లోనే వచ్చిన రెగే ఆల్బమ్ పేరు 'జయాన్ క్రాస్‌రోడ్స్'. వర్జీనియాలో నిజంగానే ఆ పేరుతో ఊరుంది. జయాన్ రాస్తాఫారీల పుణ్యభూమి. క్రాస్‌రోడ్స్ అంటే బ్లూస్ కథల్లో రాబర్ట్ జాన్సన్ తన ఆత్మని సైతానుకి అమ్ముకున్నాడని చెప్పుకునే చోటు. తెలుగులో చెప్పాలంటే చౌరస్తా!

మొదలుపెట్టేవాళ్ళు ముందు 1995 ఆల్బమ్, తర్వాత రెండు రుచులూ ఉన్న 'గ్రీన్స్ ఫ్రమ్ ద గార్డెన్' (1999), ఆఖర్న 'జయాన్ క్రాస్‌రోడ్స్' వినండి. మార్లే గొంతులోని తీపి ఆశించొద్దు, ఇది కాస్త గరుకు. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, సగం పాట బేస్ గిటార్‌లోనే ఉంటుంది.