లోహముద్రలు చెప్పే చరిత్ర

ప్రాచీన వస్తువులను సేకరించడం అభిరుచి. వాటి పుట్టుపూర్వోత్తరాలను నిర్ధారించడం శాస్త్రం. నాణేల వలె, తాళపత్ర గ్రంథాల వలె పాత సైనిక రివాల్వర్లను సేకరించి వాటి చరిత్రను శోధించేవారు అనేక దేశాలలో ఉన్నారు. సంహారం కొరకు పుట్టిన ఆయుధంలో వారు వెదికేది దాని మారణశక్తిని కాదు. ఒక కాలపు పరిశ్రమను గూర్చి, సైన్యాన్ని గూర్చి, మనుషులను గూర్చి అది పలికే సాక్ష్యాన్ని.

తూటాలు అమర్చే గదులు గల సిలిండర్ తిరుగుతూ, ఒక్కొక్క తూటాను గొట్టం ఎదుటికి తెచ్చే చేతి తుపాకియే రివాల్వర్. అమెరికా దేశీయుడైన శామ్యూల్ కోల్ట్ 1836లో తన దేశంలో దీనికి పేటెంటు పొందాడు. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో కోల్ట్ రివాల్వర్లతో పాటు ఆంగ్లేయుడైన రాబర్ట్ ఆడమ్స్ నిర్మించిన రివాల్వర్ కూడా జనుల దృష్టిని ఆకర్షించింది. బ్రిటిష్ సైన్యం 1887లో వెబ్లీ రివాల్వర్‌ను స్వీకరించింది. దాని ఆరవ నమూనా మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో వాడుకలోకి వచ్చింది.

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ఆశ్వాసాంత గద్యను చదివి కవి వంశాన్ని గుర్తిస్తాడు. ఆయుధ పరిశోధకునికి లోహంపై ఉన్న ముద్రలే ఆ గద్య. వాటిలో మొదటిది వరుస సంఖ్య. కోల్ట్ సంస్థ పాత దస్త్రాలలో అనేక ఆయుధాల సంఖ్యలు, అవి కర్మాగారం నుండి వెలువడిన తేదీలు నమోదై ఉన్నాయి. వేర్వేరు భాగాలపై ఉండవలసిన సంఖ్యలు సరిపోలకపోతే ఏదో ఒక భాగం తరువాత మార్చబడిందని ఊహించవచ్చు. రెండవది పరీక్షాముద్ర. అధిక మోతాదు మందుతో పేల్చి చూసి, గొట్టం తట్టుకొన్న పిదపనే ఈ ముద్ర వేస్తారు. ఇట్టి పరీక్షకై బర్మింగ్‌హామ్‌లో 1813 చట్టం ద్వారా ఒక పరీక్షాశాల ఏర్పడింది. మూడవది బాణపు గుర్తు. ఇది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి చిహ్నం. రెండు బాణాల మొనలు ఎదురెదురుగా ఉంటే ఆ ఆయుధాన్ని ప్రభుత్వం అమ్మివేసిందని అర్థం. కొన్నింటిపై పటాలం గుర్తు కూడా ఉంటుంది.

బ్రిటిష్ సైనికాధికారులు పలువురు తమ రివాల్వర్లను సొంత ధనంతో కొనుక్కొనేవారు. అందువలన కొన్నింటిపై యజమాని పేరో, పొడి అక్షరాలో కనిపిస్తాయి. పరిశోధకుడు వాటిని సైనికాధికారుల జాబితాలతోను, పతకాల పట్టికలతోను పోల్చి చూస్తాడు. అయితే రెండు పొడి అక్షరాలు కలిసినంత మాత్రాన ఆయుధం ఫలానా వీరునిదని చెప్పరాదు. ఆధారం లేని కథ ధరను పెంచుతుందే కాని చరిత్రను పెంచదు.

ఈ సాక్ష్యానికి తుప్పు ఎంత శత్రువో అత్యుత్సాహమూ అంతే శత్రువు. పాత లోహాన్ని కొత్తదానివలె మెరిపింపగోరి ఆకురాయితో రుద్దితే మాలిన్యంతో పాటు ముద్రలూ అరిగిపోతాయి. అరిగిన అక్షరాన్ని మరల చెక్కడం పునరుద్ధరణ కాదు, కూటసృష్టి.

ఒక్క సంఖ్య ఎంతటి చరిత్రను నిలుపగలదో మన స్వాతంత్ర్యోద్యమమే నిరూపించింది. 1928లో లాహోరులో సాండర్స్ వధకు భగత్‌సింగ్ ఉపయోగించినది కోల్ట్ పిస్టల్. అది రివాల్వర్ కాకపోయినా శోధన విధానం ఒక్కటే. 1969లో పంజాబులోని ఫిల్లౌర్ పోలీసు శిక్షణ సంస్థ నుండి ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళ కేంద్రానికి చేరిన ఆయుధాలలో అదీ ఒకటి. తుప్పు పట్టకుండా పూసిన రంగు కింద దాని సంఖ్య మరుగుపడింది. 2016లో ఆ రంగును తొలగించగా 168896 అనే సంఖ్య వెలుగు చూసి, పాత రికార్డులతో సరిపోయింది. ఎందరో చూచియు గుర్తింపని ఆయుధం జాతి స్మారకమైంది. నాడు ఎవరైనా ఆ లోహాన్ని అరగదీసి ఉంటే ఈ గుర్తింపు అసాధ్యమయ్యేది.

మన దేశంలో తుపాకులను కలిగి ఉండడాన్ని 1959 ఆయుధాల చట్టం నియంత్రిస్తుంది. పేల్చుటకు పనికివచ్చే తుపాకి ఎంత పాతదైనా లైసెన్సు లేనిదే ఉంచుకొనరాదు. ఇంట పూర్వుల ఆయుధం కనబడితే దానిని శుభ్రపరచుటకు పూనుకొనక, అధికారులకు తెలియజేయడం పౌరధర్మం. ముద్రను కాపాడితే చరిత్ర తానుగా మాట్లాడుతుంది.

ప్రశ్నలు
1. రివాల్వర్ చరిత్రను తెలిపే ముద్రలను వివరించండి.
2. ‘అత్యుత్సాహమూ అంతే శత్రువు’ అని రచయిత ఎందుకు అన్నారు?
3. భగత్‌సింగ్ పిస్టల్‌ను గుర్తించిన విధానాన్ని తెలపండి.