పొగ కనబడని మంటకూ పొగగొట్టం: శీతాకాలపు బ్రూడింగులో గ్యాస్ హీటర్లు

గోదావరి తెలంగాణలో ప్రవేశించే చోట, నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలో కందకుర్తి ఉంది. మంజీర, హరిద్ర నదులు గోదావరితో సంగమించేది ఇక్కడే. ఉత్తర తెలంగాణలో డిసెంబరు, జనవరి రాత్రుల ఉష్ణోగ్రత 10–12 డిగ్రీల సెల్సియస్‌కు, ఒక్కోసారి అంతకంటే దిగువకు పడిపోతుంది. నదీతీరాన తెల్లవారుజామున పొగమంచు సరేసరి. ఒక్కరోజు వయసు కోడిపిల్లకు మాత్రం తొలి వారంలో 33–35 డిగ్రీల వెచ్చదనం కావాలి. సుమారు రెండు వారాలు నిండేవరకు అది తన శరీర ఉష్ణోగ్రతను తానై నిలుపుకోలేదు. ఈ ఇరవై డిగ్రీల అంతరాన్ని పూరించడానికి ఒకప్పుడు బల్బులు, బొగ్గుల కుంపట్లు, ఊక పొయ్యిలు వాడేవారు. ఇప్పుడు వాటి స్థానంలోకి గ్యాస్ బ్రూడర్లు వస్తున్నాయి.

ఊక, కట్టెలు కాల్చిన రోజుల్లో పొగకు కళ్లు మండితే రైతు తానే పరదా ఎత్తేవాడు. గ్యాస్ మంటకు పొగ లేదు, వాసన లేదు. అందువల్ల పరదాలు నేలదాకా దించి, సందులన్నీ గోనెసంచులతో మూసి, గ్యాస్ ఆదా అయిందనుకోవడం జరుగుతోంది. చిక్కు మొదలయ్యేది అక్కడే.

ఒక కిలో ఎల్‌పీజీ పూర్తిగా మండితే దాదాపు 3 కిలోల బొగ్గుపులుసు వాయువు, 1.6 కిలోల నీటి ఆవిరి వెలువడతాయి. అంటే 19 కిలోల వాణిజ్య సిలిండరు ఒకటి ఖాళీ అయ్యేసరికి షెడ్డులోకి సుమారు 30 లీటర్ల నీరు చేరుతుంది. ఎవరూ కుండతో పోయని నీరు కనుక దీనిని ఎవరూ లెక్కించరు. పిల్లల శ్వాస, రెట్టల తేమ దీనికి అదనం. ఈ నీటిని పరచిన ఊక పీల్చుకుంటుంది. లిట్టర్‌లో తేమ 20–25 శాతం దాటి పెరిగేకొద్దీ అమ్మోనియా ఎక్కువవుతుంది. మనిషి ముక్కుకు ఘాటు తెలిసే సరికే అది పిల్లల కళ్లకు, ఊపిరితిత్తులకు హానికర స్థాయిని సమీపించి ఉంటుంది. నాలుగో, ఐదో వారంలో బ్రాయిలర్లలో కనిపించే పొట్టలో నీరు చేరే వ్యాధికి బ్రూడింగు దశలో ఆక్సిజన్ కొరత ఒక ముఖ్య కారణం. రైతు మాత్రం దాణాను అనుమానిస్తాడు.

మంటకు గాలి చాలనప్పుడు ప్రమాదం మరో రూపం దాలుస్తుంది. ఒక సిలిండరు గ్యాస్ మండడానికి దాదాపు 240 ఘనపు మీటర్ల గాలి అవసరం. అది అందకపోతే నీలి మంట పసుపు రంగుకు తిరుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పెనవేసుకుంటుంది. చలికాలపు రాత్రుల్లో కాపలాదారు వెచ్చదనం కోసం బ్రూడర్ పక్కనే పడుకోవడం సాధారణం. కనుక ఇక్కడ ప్రాణాపాయం కోడిపిల్లలకు మాత్రమే పరిమితం కాదు.

‘మంచు పడుతుంటే పరదా ఎత్తడం ఎలా?’ అన్నది విస్తరణ కార్యకర్తకు ఎదురయ్యే ప్రశ్న. దీనికి సమాధానం లెక్కలో ఉంది. 12 డిగ్రీల వద్ద పూర్తిగా తేమ నిండిన గాలిలోనూ ఘనపు మీటరుకు సుమారు 10 గ్రాముల నీరే ఉంటుంది. అదే గాలి షెడ్డులో 32 డిగ్రీలకు వేడెక్కితే దాని సాపేక్ష ఆర్ద్రత 30 శాతానికి దిగుతుంది. అంటే బయట మంచులా కనిపించే గాలి లోపల ఊకను ఆరబెట్టే గాలి అవుతుంది. లోపల 60 శాతం ఆర్ద్రత నిలపాలంటే బయటికి వెళ్లే ప్రతి ఘనపు మీటరు గాలి దాదాపు 10 గ్రాముల నీటిని మోసుకుపోతుంది. 30 లీటర్లకు 3,000 ఘనపు మీటర్లు కావాలి. 100 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 10 అడుగుల సగటు ఎత్తు గల షెడ్డులో ఇది మొత్తం గాలిని మూడున్నరసార్లు మార్చడంతో సమానం. ఆ గాలిని 20 డిగ్రీలు వేడిచేయడానికి పట్టే గ్యాస్ సుమారు 1.6 కిలోలు, అంటే సిలిండరులో పదో వంతు కంటే తక్కువ. సందులు మూసి ‘ఆదా’ చేసేది ఇంతే.

పైన వేలాడదీసే రేడియంట్ బ్రూడర్లకు గొట్టం ఉండదు. వాటికి షెడ్డే గొట్టం. పరదాను కింది అంచున బిగించి, పైనుంచి కిందికి తెరుచుకునేలా కట్టాలి. చల్లని గాలి నేరుగా పిల్లలపై పడకుండా పైన జానెడు ఖాళీ ఎల్లవేళలా ఉండాలి. పొగగొట్టంతో వచ్చే హీటర్లలో మండిన వాయువులు, వాటితోపాటు నీటి ఆవిరి నేరుగా బయటికి పోతాయి. సహజ డ్రాఫ్ట్‌తో పనిచేసే రకాల్లో వేడిలో సుమారు ఐదో వంతు గొట్టం వెంట పోతుందన్నది నిజమే. ఊక పొడిగా ఉండడం, గాలి శుభ్రంగా ఉండడం దానికి బదులుగా దక్కేవి.

బోధన్ ప్రాంతపు చెరకు రైతుకు గొట్టం లాగే తీరును కొత్తగా చెప్పనక్కరలేదు. బెల్లం పొయ్యి గొట్టం పొట్టిదైతే మంట వెనక్కి తన్నుతుందని అతనికి తెలుసు. గ్యాస్ హీటరులోనూ వేడి వాయువు తేలికై పైకి లేవడమే చోదకశక్తి. అందువల్ల గొట్టం వ్యాసం హీటరు నోటి వ్యాసం కంటే ఎక్కడా తగ్గకూడదు. మలుపులు వీలైనంత తక్కువగా ఉండాలి. అడ్డంగా పోయే భాగం మీటరుకు కనీసం 2 సెంటీమీటర్ల చొప్పున బయటివైపు ఎత్తుగా సాగాలి. గొట్టం కొస హీటరు నోటికి కనీసం ఒకటిన్నర మీటరు ఎత్తున ఉండాలి. 3 మీటర్ల లోపున్న కప్పు వెన్ను, గోడల కంటే 60 సెంటీమీటర్లు పైకి నిలవాలి. వాన, పక్షి గూళ్లు అడ్డుపడకుండా టోపీ తప్పనిసరి. ఒకే పొర రేకు గొట్టం చలిరాత్రి త్వరగా చల్లబడుతుంది. ఆవిరి లోపలే నీరై, ఆమ్ల గుణంతో రేకును తినేస్తుంది. రెండు పొరల గొట్టం ఖరీదైనదే అయినా బయటి భాగానికి అదే తగినది. వేసవిలో కప్పుపై వరిగడ్డి పరిచే అలవాటున్న షెడ్లలో ఒకే పొర గొట్టానికి మండే వస్తువుల నుంచి 15 సెంటీమీటర్ల దూరం పాటించాలి. ఆస్‌బెస్టాస్ రేకును తొలిచేటప్పుడు తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని తొలచాలి.

బిగించిన గొట్టం పనిచేస్తున్నదో లేదో ఒక అగరుబత్తితో తెలుస్తుంది. పరదాలు దించి, ఉన్న ఎగ్జాస్టు ఫ్యాన్లన్నీ తిప్పి, హీటరు వెలిగించి ఐదు నిమిషాలాగి, డ్రాఫ్ట్ హుడ్ అంచున అగరుబత్తి ఉంచాలి. పొగ లోపలికి లాగబడితే గొట్టం సరిగా ఉన్నట్లు. బయటికి తన్నితే లోపలికి గాలి వచ్చే దారి లేక, ఫ్యాన్లు గొట్టం గుండానే గాలిని వెనక్కి లాగుతున్నట్లు. అటువంటప్పుడు గొట్టం పొడవు పెంచడం కంటే గాలి ప్రవేశమార్గాన్ని తెరవడం ముందు చేయవలసిన పని. ఈ పరీక్షను ప్రతి బ్యాచ్‌కు పిల్లలు రాకముందే చేయాలి. గత బ్యాచ్ దుమ్ము బర్నరును మూసి ఉండవచ్చు.

సిలిండర్లను షెడ్డు బయట నిటారుగా, నీడలో ఉంచాలి. ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. లీకైన గ్యాస్ నేలపై, చిక్ గార్డు లోపల నిలుస్తుంది. అందుచేత గ్యాస్ లీక్ హెచ్చరిక పరికరాన్ని నేలకు దగ్గరగా బిగించాలి. కార్బన్ మోనాక్సైడ్ బరువు గాలితో దాదాపు సమానం. దానిని పసిగట్టే పరికరం కాపలాదారు పడుకునే చోట, అతని తల ఎత్తున ఉండాలి.