కొత్త కంప్యూటరుకు కంపెనీవారి అడ్డుపుల్ల

కాణిపాకం: దర్శనం టిక్కెట్టు మొదలు పొలం అడంగల్ వరకు నేడు కంప్యూటరు లేనిదే పని జరగడం లేదు. అయితే కొత్త కంప్యూటరులో మనం అడగని ప్రోగ్రాములను తయారీ కంపెనీయే పెట్టి పంపుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. వాటిలో కొన్ని మేలుకు బదులు కీడు చేస్తాయి.

2015 జూన్‌లో బయటపడిన శాంసంగ్ ఉదంతమే ఇందుకు నిదర్శనం. ఆ కంపెనీ లాప్‌టాప్‌లలోని ఒక ప్రోగ్రాము, విండోస్ దానంతటదే తెచ్చుకునే అప్‌డేట్లను నిలిపివేసేది. యజమాని సరిచేసుకున్నా, యంత్రాన్ని మళ్లీ ఆన్ చేయగానే మొదటికి వచ్చేది. విమర్శలు రావడంతో సరిదిద్దుతామని కంపెనీ ప్రకటించింది.

గోడ బీటలను పూడ్చినట్లు, ఈ అప్‌డేట్లు దొంగలు దూరే సందులను మూస్తాయి. అవి అందకపోతే ఏమవుతుందో ఈ జిల్లాకు అనుభవమే. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వన్నాక్రై వైరస్, చిత్తూరు సహా పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లకు సోకింది. దానిని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది.

కంప్యూటరు ఉన్నవారు సెట్టింగ్స్‌లో 'విండోస్ అప్‌డేట్' తెరచి, చివరిసారి ఏ తేదీన అప్‌డేట్ అయినదీ చూసుకోవాలి. నెలలు గడిచి ఉంటే కంపెనీ ప్రోగ్రాము అడ్డుపడుతున్నదేమో విచారించాలి. అయితే బ్యాటరీ, టచ్‌ప్యాడ్ పనిచేయడానికి కావలసినవి కూడా వాటిలో ఉంటాయి గనుక, తెలిసినవారిని అడిగిన తర్వాతే తొలగించడం మంచిది.